పటమూ పావలా: ఖాజీపేట పిల్లల లెక్కల్లో ఊరి భూగోళం

ఖాజీపేట అనగానే చాలామందికి వరంగల్ పక్కనున్న రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. నేను చెప్పేది కడప జిల్లా ఖాజీపేట. కడప నుంచి మైదుకూరు పోయే రోడ్డు మీద, కర్నూలు-కడప (కె.సి.) కాలువ నీళ్లకింద వరీ పసుపూ పండే మండలం. ఇక్కడి నుంచి వాయవ్యంగా పోతే ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు, ఇంకా ముందుకు పోతే జమ్మలమడుగు, గండికోట లోయ, నాపరాయి గనులు. నైరుతికి పోతే పులివెందుల చీనీ తోటలు. ఒక్క జిల్లాలోనే నీళ్లున్న నేల, లేని నేల, రాయి, బంగారం అన్నీ ఉన్నాయి. ఏ నేల ఏం పండిస్తుందో, అది ఎక్కడ అమ్ముడుపోతుందో, చేతికి ఎంత దుడ్డు వస్తుందో ఇక్కడి పిల్లలు ఇంట్లో వింటూనే పెరుగుతారు. బడిలో మాత్రం పెన్నా నది ఒక పుస్తకంలో, రూపాయి ఇంకో పుస్తకంలో ఉంటాయి. ఈ రెండూ ఎప్పుడు కలిసి ఉండేవి, ఎలా విడిపోయాయి, మళ్లీ కలపాలని ఎవరెవరు ప్రయత్నించారు అన్నది వెతికితే రెండు వందల ఏళ్ల చరిత్ర బయటపడుతుంది.

1800లో నిజాం, కడప ఉన్న దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, ఏడేళ్లపాటు ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. 1820లో ఆయనే మద్రాసు గవర్నరుగా వచ్చాడు. 1822 జూన్ 25న, ప్రతి జిల్లా కలెక్టరూ తన కింద ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్క తీసి పంపాలన్నాడు. కడప జిల్లా నుంచి 494 బడులు, 5,892 మంది పిల్లలు అని లెక్క వెళ్లింది. అప్పటి జిల్లా జనాభా సుమారు 11 లక్షలు. పక్కనున్న బళ్లారి జిల్లాలో 533 బడులుంటే అందులో 226 తెలుగువి. ఆ జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన నివేదిక అంకెలతో ఆగలేదు. పిల్లలు బడిలో ఏం చేస్తారో పక్కన కూర్చుని చూసినంత వివరంగా రాశాడు. పొద్దున ఆరింటికి బడి మొదలయ్యేది. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్న చుట్టేవారు, మూడోవాడి నుంచి దెబ్బలు మొదలు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, ఆపైన ఎక్కాలు, ఆపైన డబ్బు కూడికలు, తీసివేతలు, డబ్బునూ కొలతలనూ పెద్ద ప్రమాణంలోంచి చిన్నదానికి మార్చడం, ఇదీ వరస.

క్యాంప్‌బెల్‌ను అన్నిటికంటే ఎక్కువ ఆకట్టుకున్నవి భిన్నాలు. తమ దేశంలో పదింటితో భాగిస్తూ దిగితే, ఇక్కడ నాలుగింటితో భాగిస్తూ చాలా లోతుకు దిగుతారని, అయ్యవార్లు దీనిమీద ఎంతో శ్రమ పెడతారని రాశాడు. ఆ శ్రమ ఎందుకో సంతలో నిలబడితే తెలిసేది. రూపాయిలో నాలుగో వంతు పావలా, పావలాలో నాలుగో వంతు అణా, అణాలో నాలుగో వంతు కాని. గింజల కొలతా ఇంతే: తూముకు నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. తూము జొన్నల ధర తెలిసిన పిల్లవాడికి మానిక జొన్నల ధర చెప్పడానికి పలక అవసరం లేదు, రెండుసార్లు నాలుగో వంతు తీస్తే చాలు. ఈ నాలుగింటి లెక్కకు తెలుగులో ప్రత్యేకంగా గుర్తులు కూడా ఉండేవి. వాటిని 2008లో యూనికోడ్‌లో చేర్చారు, తూముకు వేసే గుర్తుతో సహా. అవి కంప్యూటర్లోకి వచ్చే నాటికి బడిలో వాటిని చదవగలిగిన అయ్యవార్లు మిగల్లేదు. నాకు ఇది చాలా బాధ కలిగించే సంగతి.

మరి భూగోళం ఎక్కడుంది? ఆ బడుల్లో భూగోళం అనే పేరుతో పాఠమేదీ లేదు, కానీ లెక్క మొత్తం నేల మీదే నడిచేది. మన్రో దత్తమండలాల్లో పైమాషీ, అంటే భూముల కొలత చేయించినప్పుడు 33 అడుగుల గొలుసు పట్టారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం గుంట, 40 గుంటలు ఎకరం. ఏ పొలం నల్లరేగడి, ఏది ఎర్రనేల, ఏది చెరువు కింద, ఏది వాన మీద అని తరగతులు కట్టి, దాన్నిబట్టి రూపాయల్లో శిస్తు వేశారు. ఊరి కరణానికి పొలం ఎల్లలు తెలిసినా డబ్బు భిన్నాలు రాకపోతే పని జరగదు, భిన్నాలు వచ్చి నేల తెలియకపోయినా జరగదు. రైతులు పంటను కూడా అణాల్లోనే చెప్పేవారు. పూర్తిగా పండితే పదహారణాల పంట, సగం పండితే ఎనిమిదణాలు. కరువు తేల్చడానికి ప్రభుత్వం కూడా ఈ అణావారీ పద్ధతినే వాడింది. వాన, నేల, పంట, డబ్బు నాలుగూ ఒకే భిన్నంలో ఇమిడిపోయిన మాట అది.

అయితే ఆ బడులను తలచుకుని మురిసిపోవడానికి నాకు మనసొప్పదు. బళ్లారి జిల్లాలో చదువుతున్న 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే. రైతుకూలీల పిల్లలూ, అంటరానివారని ఊరి బయట ఉంచిన కుటుంబాల పిల్లలూ చాలామంది ఆ బడులకు రాలేదు. నేలా డబ్బూ కలిసిన లెక్క కొందరి చేతిలోనే ఉండడం వల్లే, కరణం చెప్పిన శిస్తును రైతు తలూపి కట్టాల్సి వచ్చింది. బడులు క్షీణించడానికి క్యాంప్‌బెల్ చెప్పిన కారణం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి: ఐరోపా నుంచి సీమ గుడ్డ వచ్చిపడి ఇక్కడి నేతపనివాళ్ల రాబడి పడిపోయింది, పిల్లల్ని చదివించే స్థోమత పోయింది అని ఆయనే రాశాడు. ఎక్కడో మరమగ్గం మీద నేసిన బట్ట ఇక్కడ బడి మూయించింది. వాణిజ్య భూగోళానికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది?

ఆ రోజుల్లోనే కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1821లో అక్కడ రెండు ఉచిత బడులు పెట్టాడు. 1832లో మద్రాసులో పుదూరు సీతారామశాస్త్రి రాసిన బాలశిక్ష అచ్చయింది. 1865లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు దాన్ని విస్తరించాక పెద్దబాలశిక్ష ఇంటింటి పుస్తకమైంది. అక్షరాలు, ఎక్కాలు, కొలతలు, నదులు, దేశాలు అన్నీ ఒకే అట్టల మధ్య ఉండేవి, కానీ పక్కపక్కనే తప్ప కలిసి కాదు. నది పేరు ఒక పుటలో, అణాలు ఇంకో పుటలో. ఆ తర్వాత సర్కారు బడులు, తనిఖీ అధికారులు, టైంటేబులు వచ్చి ఈ ఎడాన్ని ఖాయం చేశాయి. ఒక గంట కొడితే భూగోళం, ఇంకో గంట కొడితే లెక్కలు. పిల్లలు కొండలూ నదులూ తాలూకాలూ వరసగా అప్పజెప్పడం నేర్చుకున్నారు.

అదే కాలంలో కె.సి. కాలువ కూడా వచ్చింది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వింది, లాభం రాక 1882లో ప్రభుత్వానికి అమ్మేసింది. కాలువ పొడవు, తవ్వడానికైన ఖర్చు, ఎకరానికి నీటితీరువా ఎంత, ఖర్చు ఎందుకు తిరిగి రాలేదు, ఇవన్నీ నాలుగో తరగతి పిల్లలు వేయదగిన లెక్కలు. పాఠ్యపుస్తకాల్లో అది పటం మీద నీలి గీతగానే మిగిలింది.

ఊరి నుంచి మొదలుపెట్టి ప్రపంచానికి పోవాలన్న ఆలోచన ఐరోపాలో స్విట్జర్లాండుకు చెందిన పెస్టలోజీ నుంచి బలపడింది. ఆయన బడిని చూసి వచ్చిన కార్ల్ రిట్టర్ తర్వాత ఆధునిక భూగోళశాస్త్రానికి ఆద్యుల్లో ఒకడయ్యాడు. మన దేశంలో ఆ ఆలోచనకు డబ్బునూ పనినీ చేర్చినవాడు గాంధీ. 1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో జరిగిన సమావేశం, ఆ తర్వాత జాకిర్ హుసేన్ కమిటీ తయారుచేసిన ప్రణాళిక, ఒక చేతిపని చుట్టూ అన్ని పాఠాలనూ అల్లాలన్నాయి. దూది పట్టుకుంటే పత్తి ఏ నేలలో పండుతుందన్నది భూగోళం, వడికిన నూలు విలువ ఎంతన్నది లెక్క. మగ్గాలూ పత్తి వ్యాపారమూ ఉన్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతానికి ఇది అతికినట్టు సరిపోవాల్సిన చదువు. కానీ పరీక్షలూ ఉద్యోగాలూ పాత పుస్తకాల చదువుకే దక్కుతున్నప్పుడు, రాట్నం చదువు పేదల బడికే అన్న అనుమానం తల్లిదండ్రుల్లో పోలేదు. ఆ అనుమానాన్ని నేను తప్పుపట్టలేను.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అణాకు ఆరుంపావు నయాపైసలు. పావు నాణెం లేదు కనుక సర్దుబాటు పట్టిక ఇచ్చారు: అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. ఒక అణాకు ఆరయితే మూడణాలకు పద్దెనిమిది కావాలి కదా, ఆ ఒక్క పైసా ఎక్కడి నుంచి వచ్చింది? ఆ పట్టిక పెట్టుకుని ఏ అయ్యవారైనా సవరింపుల గణితం మొత్తం చెప్పొచ్చు. మరుసటి ఏడు అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు మొదలై, మెల్లగా వీశెలూ మణుగులూ పోయి కిలోలు వచ్చాయి. దశాంశం వల్ల లెక్క తేలికైంది, బడికి రాని తల్లి కూడా బిల్లు సరిచూసుకోగలిగింది, అది పెద్ద మేలు. పోయిందల్లా నోటిలెక్క. ఖాళీ అయిన ఆ చోటులోకి ఊరి నుంచి తెచ్చుకున్న వేరే లెక్కేదీ రాలేదు.

ఆ చోటును నింపే పని రాయలసీమలోనే మొదలైంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు 1980ల చివరి నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపి, కార్డులూ అభ్యాస నిచ్చెనలతో చదువు చెప్పారు. వాళ్లు జరిపిన మెట్రిక్ మేళాల్లో పిల్లలు అంగళ్లు పెట్టి, ఊరివాళ్ల ఎత్తూ బరువూ కొలిచి, సరుకు తూచి, చిల్లర ఇచ్చేవారు. ఈ మేళా కర్ణాటక సర్కారు బడులకు కూడా పాకి, అక్కడ మక్కళ సంతెగా, అంటే పిల్లల సంతగా పాతుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటన్ సాయంతో 1980ల్లో ప్రయోగంగా మొదలై 1996 దాకా నడిచిన ప్రాథమిక విద్యా పథకం, అప్పెప్, తన ఆరు సూత్రాల్లో ఒకటిగా ఊరి పరిసరాలను వాడుకోవడాన్ని పెట్టింది. ఎన్‌సిఇఆర్‌టి 2006 తర్వాత తెచ్చిన మ్యాథ్ మ్యాజిక్ పుస్తకాల్లో నాలుగో తరగతి పిల్లలు భోపాల్ యాత్ర పోయేవారు, ఐదో తరగతి వాళ్లు చేపల వేట లెక్కలు వేసేవారు. మంచి పాఠాలు. కాకపోతే ఖాజీపేట పిల్లలకు భోపాల్ దూరం, సముద్రం ఇంకా కొత్త.

ఇప్పటి చిక్కు ఇంకొకటి. 25 పైసలూ అంతకు తక్కువ నాణేలూ 2011 జూన్ 30 నుంచి చెల్లవు. అంగట్లో ఫోన్ చూపించి చెల్లించే ఇంటి పిల్లలకు చిల్లర ఎంచడం కూడా తక్కువే. రూపాయలు, పైసల కూడికలకు వీధిలో ఆధారం పోయింది. డబ్బు లెక్కకు అసలైన ఆధారం ఇంకా నిలిచి ఉన్నది సరుకు కదిలే దారిలో, ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య ధర తేడాలో. ఆ లెక్క పటం లేకుండా వేయలేం.

మైదుకూరు, ఖాజీపేట చుట్టూ పండే కె.పి. ఎర్రగడ్డనే, అంటే ఉల్లినే తీసుకుందాం. కె.పి. అంటే కృష్ణాపురం. చిన్నది, ఘాటెక్కువ, మన వంటింట్లో దానికి గిరాకీ లేదు. సింగపూర్, మలేసియా వంటి దేశాల్లో మాత్రం ఇష్టంగా తింటారు. 2019 సెప్టెంబర్ 29న ఢిల్లీ మొత్తం ఉల్లి ఎగుమతినే ఆపేసింది. దేశంలో ధర తగ్గించడానికి తీసుకున్న నిర్ణయం, దేశంలో ఎవరూ కొనని పంటకు కూడా తగిలింది. రైతులు మొత్తుకున్నాక 2020 ఫిబ్రవరిలో సడలింపు వచ్చింది: మార్చి 31 లోపు, చెన్నై రేవు నుంచి మాత్రమే, 10,000 టన్నుల దాకా కె.పి. గడ్డలు పంపుకోవచ్చు.

నాలుగో తరగతి పిల్లల ముందు జిల్లా పటం, దాని కింద దక్షిణ భారత పటం పరిచి ఈ ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. మైదుకూరులో సరుకు ఎక్కించుకున్న లారీ ఖాజీపేట మీదుగా వచ్చి, చెన్నూరు దగ్గర పెన్నా దాటి, కడప, రాజంపేట, కోడూరు, రేణిగుంట దాటి చెన్నై చేరుతుంది. దారి గీసి, ఏ ఊరి దగ్గర ఏ పంట కనిపిస్తుందో పిల్లలే రాయాలి. ఆ తర్వాత లెక్క. 10,000 టన్నులంటే కోటి కిలోలు. బస్తాకు 50 కిలోలనుకుంటే 2 లక్షల బస్తాలు. లారీకి 16 టన్నులనుకుంటే 625 లారీలు. ఇంటి దగ్గర కనుక్కొచ్చిన కోత కూలి, సంచి ఖరీదు, బాడుగ తీసేసి, కిలోకు రైతు చేతికి ఎంత మిగిలిందో చూడాలి. చివరి లెక్క బోర్డు మీద ఒక్క వరుసే పడుతుంది: రేవు మూతబడి కిలోకు ఒక్క రూపాయి తగ్గితే, ఈ చుట్టుపక్కల పల్లెలకు పోయేది కోటి రూపాయలు.