వ్యర్థవాయువు పోసిన ఊపిరి

కమ్మరి కొలిమిలో బొగ్గు ఎంత యున్నను తిత్తి ఆడనిదే ఇనుము కాగదు. ములకలపల్లి మొదలైన అడవి అంచు పల్లెలలో నాగటికర్రు సరిచేయించుకొన వచ్చిన రైతునకు ఈ మాట ఒకరు చెప్పనక్కరలేదు. వేడిని పెంచునది బొగ్గు మాత్రమే కాదు, గాలి కూడ అని అతడు కన్నులార చూచియే యున్నాడు. మోటారు ఇంజను సంగతియు ఇంతే. ఒక పాలు పెట్రోలు సరిగా మండవలెనన్న తూకమున సుమారు పదునాలుగున్నర పాళ్ల గాలి కావలెను. పెట్రోలును ఎంతైనను పోయవచ్చును. గాలిని చొప్పించుటయే కష్టము. ఈ కష్టమును దాటుటకు జరిగిన యత్నముల చరిత్రను, స్వల్పవ్యయముతో తేలికబండిని తామే కట్టుకొని దానికి టర్బోచార్జరు తగిలింపదలచిన ఉత్సాహవంతులకు ఆ చరిత్ర చెప్పు సంగతులను మేమిచట విన్నవించుచున్నాము.

ఇంజనులోనికి గాలిని బలవంతముగా పంపవలెనను తలంపు మోటారుబండితోపాటే పుట్టినది. 1885లోనే గాట్‌లీబ్ డైమ్లరు అట్టి పంపునకు పేటెంటు పొందెను. కాని ఆ పంపును త్రిప్పుటకు ఇంజను తన శక్తిలోనే కొంత వెచ్చింపవలెను. స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషీ వేరు మార్గమున ఆలోచించెను. ఇంధనమునుండి పుట్టిన వేడిలో దాదాపు మూడవవంతు పొగగొట్టము గుండా వృథాగా పోవుచున్నది గదా! ఆ పొగ వేగముతో ఒక చక్రమును త్రిప్పి, అదే ఇరుసుకు బిగించిన మరియొక చక్రముచే గాలిని నొక్కి ఇంజనులోనికి పంపినచో నేమి? 1905లో ఆయన దీనికి పేటెంటు పొందెను. ఫలము కనబడుటకు ఇరువదియేండ్లు పట్టినది. 1925లో రెండు జర్మను ఓడల పది సిలిండర్ల డీజిలు ఇంజనులకు ఈ సాధనమును అమర్చగా, 1750 అశ్వశక్తి ఇచ్చునది 2500 ఇచ్చెను. ఇంజను పరిమాణము పెరుగలేదు.

ఈలోగా మొదటి ప్రపంచయుద్ధము వచ్చినది. విమానము పైకెగసినకొలది గాలి పలుచనై ఇంజను నీరసించును. ఫ్రాన్సున రాటో అను పండితుడు, అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ దీనికి టర్బోచార్జరునే మందుగా నెంచిరి. 1918లో మాస్ ఒక విమానపు ఇంజనును పైక్స్ శిఖరముపైకి, అనగా పదునాలుగువేల అడుగుల ఎత్తునకు, బండిపై తరలించి పరీక్షించెను. నేలమట్టమున ఇచ్చు సుమారు 350 అశ్వశక్తిని ఆ ఇంజను కొండకొమ్ముపైనను ఇచ్చినది. పరీక్షకొరకు ఇంజనును పర్వతమెక్కించిన ఆ పట్టుదల మాకు మిక్కిలి ముచ్చట గొలుపును.

పందెపుబండ్ల కథ వేరు. 1952లో ఇండియానాపొలిస్ పందెమునకు కమిన్స్ సంస్థ టర్బోచార్జరుతో కూడిన డీజిలు బండిని పంపెను. ఫ్రెడ్ అగబాషియన్ దానిని గంటకు 138 మైళ్ల వేగమున నడిపి, పందెమున మొట్టమొదటి స్థానమున నిలుచు అర్హత సాధించెను. డీజిలు బండియా అని నవ్వినవారు నోరు మూసికొనిరి. కాని రెండువందల చుట్ల పందెములో డెబ్బది చుట్లు తిరుగునప్పటికి పొగ క్రమ్మి బండి నిలిచిపోయినది. ఇంజనులో లోపము లేదు. గాలిని పీల్చు ద్వారమును నేలకు దగ్గరగా నుంచిరి. ముందు పోవు బండ్ల టైర్లనుండి రాలిన రబ్బరు తునకలు దానిని మూసివేసినవి. అంతటి యంత్రమును ఓడించినది గుప్పెడు చెత్త! ఎండకాలమున మా ప్రాంతపు ఎఱ్ఱమట్టి బాటల దుమ్ము నెరిగిన వారికి ఈ కథ సులభముగా బోధపడును.

ఇంతకంటె చెప్పదగినది 1962 నాటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ. సామాన్యులకు అమ్మిన మొదటి టర్బో కార్లలో ఇది యొకటి. మూడున్నర లీటర్ల అల్యూమినియపు ఇంజను, 215 అశ్వశక్తి. తయారుచేసినవారు ఒక సాహసము చేసిరి. సిలిండరులో వాయువును నొక్కు నిష్పత్తిని తగ్గింపక, పదింటికి పైగానే యుంచిరి. దానిపై టర్బోచార్జరు మరింత గాలిని క్రుక్కునప్పుడు మిశ్రమము తనంత తానే పేలి పిస్టనును సమ్మెటతో కొట్టినట్లు కొట్టును. మన మెకానిక్కులు "ఇంజను కొట్టుకొనుచున్నది" అనునది దీనినే. అందుచేత మిథనాలు కలిపిన నీటిని ఒక సీసానుండి గాలిలోనికి చిమ్మి చల్లార్చు ఏర్పాటు చేసిరి. ఏర్పాటు తెలివైనదే. కాని పెట్రోలు పోయించుకొని పోవుటకు అలవాటుపడిన యజమానులు ఆ సీసా నింపుట మరచిరి. సీసా వట్టిపోయినప్పుడు ఇంజనును కాపాడుటకు ఒక కవాటము గాలి ఒత్తిడిని తగ్గించును. బండికి సత్తువ లేదని వారు మొరపెట్టుకొనిరి. తుదకు 1965లో సంస్థయే టర్బోచార్జరును ఊడదీసి మామూలు కార్బురేటరు బిగించి యిచ్చుటకు సిద్ధపడవలసి వచ్చెను.

అదే 1962లో షెవ్రొలే వారు కార్వేరు స్పైడరును విడుదల చేసిరి. వారు నిష్పత్తిని ఎనిమిదికి దింపిరి. నీటి సీసా లేదు. గాలి ఒత్తిడి హద్దు మీరకుండుటకు పొగగొట్టపు అడ్డంకియే చాలునట్లు లెక్కచూచిరి. శక్తి 150 అశ్వశక్తి మాత్రమే. గొప్ప చెప్పుకొనదగిన సంఖ్య కాదు. కాని అది జెట్‌ఫైరుకంటె ఎక్కువకాలము మార్కెట్టున నిలిచినది. మా దృష్టిలో స్వల్పవ్యయపు పనివానికి గురువు కార్వేరు, జెట్‌ఫైరు కాదు. తరువాత 1973లో బి.ఎం.డబ్ల్యు., పిమ్మట పోర్షె, సాబ్ సంస్థలు ఈ దారినే నడచినవి. 1977లో రెనో వారు ఫార్ములా పందెములలో ప్రవేశించి, రెండేండ్లకు డిజాన్‌లో గెలిచిరి.

ఇక తేలికబండి మాట. భాగములుగా కొని యింటనే కూర్చుకొను కారు ఇంగ్లండున యుద్ధానంతరము ప్రబలినది. కారణము పన్ను. పూర్తియైన కారుపై కొనుగోలు పన్ను కలదు, భాగములపై లేదు. 1957లో కాలిన్ చాప్మన్ లోటస్ సెవెన్ అను బండిని ఇట్లే అమ్మెను. బరువు ఐదువందల కిలోలకు లోపు. మొదటి ఇంజను సుమారు నలుబది అశ్వశక్తిది. కూర్చు విధానమును ముద్రించి ఇయ్యరాదను నిబంధన యుండుటచే, విప్పు విధానమును ముద్రించి ఇచ్చిరనియు, దానిని తుదినుండి మొదటికి చదువుకొన్న చాలుననియు చెప్పుకొందురు. 1973లో పన్ను విధానము మారగా ఆ లాభము పోయినది.

మన తెలుగుదేశమున చేతితో బండి కట్టు నేర్పు లేకపోలేదు. హైదరాబాదు బహదూర్‌పురాలో 2010లో ప్రదర్శనశాల తెరచిన కన్యబోయిన సుధాకర్ పాత సామానుతో చిత్రవిచిత్రాకృతుల కార్లు కట్టెను. 2005లో ఆయన కట్టిన మహా త్రిచక్రికకు గిన్నిస్ రికార్డు లభించినది. టర్బోచార్జరులును మా ప్రాంతమునకు కొత్తవి కావు. మణుగూరు ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గును మోయు డంపరుల బలము దానివలననే. ఇచటనే ఒక ప్రలోభము కలదు. పాత డీజిలు లారీ టర్బో తుక్కుదుకాణమున చౌకగా దొరకును. కాని ఐదారు లీటర్ల ఇంజనుకొరకు చేసిన చక్రమును ఒక లీటరు ఇంజను పొగ త్రిప్పజాలదు. చిన్న ఇంజనుకు చిన్న టర్బోయే తగును.

ఒక చిన్న లెక్క చూతము. వాతావరణపు ఒత్తిడికి నూటికి నలుబది పాళ్లు అదనపు ఒత్తిడి కల్పించితిమనుకొందము. శక్తియు నలుబది పాళ్లు పెరుగునా? పెరుగదు. గాలిని నొక్కినప్పుడు అది వేడెక్కి వ్యాకోచించును. కొత్తగూడెము వేసవిలో 45 డిగ్రీల గాలి, నూటికి అరువదియైదు పాళ్ల సామర్థ్యము గల యంత్రమునుండి సుమారు 95 డిగ్రీలై వెలువడును. అప్పుడు దాని సాంద్రత పెరుగునది నూటికి ఇరువదియొక పాళ్లే. తక్కిన లాభమును పొందవలెనన్న ఆ గాలిని చల్లార్చు రేడియేటరు ఒకటి కావలెను. దానికి ఖర్చు, బరువు, చోటు. ఐదువందల కిలోల బండినుండి ఏబది కిలోలు తగ్గించినచో, ఇంజనును ముట్టకుండగనే ప్రతి కిలోకు లభించు శక్తి నూటికి పదునొకండు పాళ్లు పెరుగును! రంపము, రివెట్ల తుపాకి టర్బోకంటె చౌకయని మా యభిప్రాయము. అయినను టర్బోయే కావలెనన్నచో తక్కువ ఒత్తిడి, తక్కువ నిష్పత్తి, చాలినంత పెట్రోలు, మంచి జల్లెడ అమర్చిన ఎత్తైన గాలిద్వారము తప్పనిసరి.

చట్టమును గూడ తలపవలెను. 1988 నాటి మోటారువాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము తయారీదారు నిర్దేశించిన లక్షణములకు భిన్నముగా బండిని మార్చరాదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్థిరపరచినది. కావున ఇట్టి బండికి చోటు రాజబాట కాదు; సొంత ఆవరణము, లేదా విద్యార్థుల ఫార్ములా పోటీలు. ఆ పోటీలలో పెట్రోలు ఇంజనులోనికి గాలి యంతయు 20 మిల్లీమీటర్ల రంధ్రము గుండానే పోవలెనని నియమము. అయినను టర్బోకు అనుమతి కలదు.

మిగిలినది చమురు సంగతి. నిమిషమునకు లక్ష చుట్లు తిరుగు ఆ చిన్న ఇరుసు సన్నని చమురు పొరపై తేలుచుండును. జోరుగా నడపిన వెంటనే ఇంజనును ఆపినచో చమురు ప్రవాహము నిలిచి, కాలిన చక్రము ప్రక్కన ఆ చమురు మాడి బొగ్గగును. ఆపుటకు ముందు ఒకటి రెండు నిమిషములు ఇంజనును మెల్లగా తిరుగనియ్యవలెను.