అడ్డపొగ: నోట్లో నిప్పు

చుట్ట అనగానే మనకి గిరీశమే గుర్తొస్తాడు. విజయనగరంలో ఉండి గురజాడ రాసిన 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయింది. అందులో చుట్ట మగవాడి దర్జా, మాటకారితనం. ఆ పక్కనే శ్రీకాకుళం పల్లెల్లో నిప్పు కొసని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగిన ఆడవాళ్ల చుట్టని సాహిత్యంలో వెతుక్కోవాల్సిందే.

ఆ చుట్ట ఇంట్లోనే తయారయ్యేది. ఎండిన ఆకు మీద నీళ్లు చిలకరించి మెత్తబరచడం, ఈనె తీయడం, బిగించి చుట్టడం, దారం కట్టడం. అరుగు మీద సాగే ఈ పనిని ఎవరూ కార్ఖానా అనలేదు, పనితనమనీ అనలేదు. నిప్పు లోపలుంటే చుట్ట ఎక్కువసేపు వస్తుంది, గాలికి ఆరదు. చేతులు రెండూ పనిలో ఉంటాయి. దీన్ని మూఢత్వమనడం నాకు ఇష్టం లేదు. కూలిమనిషి లెక్క అది.

ఆ లెక్కకి మూల్యం అంగిలి చెల్లించింది. పిండ్‌బోర్గ్, మెహతా, వారి సహచరులు ఈ జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. అడ్డపొగ తాగేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. తెల్లమచ్చలు, పుళ్లు, కొందరికి కేన్సర్. అవసరమైన పరిశోధనే, కాదనను. కానీ చుట్ట చుట్టడం ఆమెకి ఎవరు నేర్పారు, పొగాకు డబ్బులు ఎవరి చేతిలో ఉండేవి అన్నవి వైద్యానికి అక్కర్లేని ప్రశ్నలు. అవి మనం అడగాల్సినవి.