ఎపాక్సీ ముద్ద: మరమ్మతుకు, హస్తకళకు ఎంతవరకు పనికివస్తుంది?

ఎపాక్సీ ముద్ద రెండు భాగాలుగా అమ్ముడయ్యే ఒక పూరక పదార్థం. ఒక భాగం రెసిన్, మరొకటి దానిని గట్టిపరచే హార్డెనర్. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ మెత్తగానే ఉంటాయి. కలిపి పిసికిన కొంతసేపటికి రాయిలా బిగుసుకుంటాయి. మరమ్మతుకు వాడే రకాన్ని తెలుగు రాష్ట్రాల హార్డ్‌వేర్ దుకాణాల్లో ‘ఎంసీల్’ అనే వాణిజ్య నామంతోనే అడగడం పరిపాటి. బొమ్మలకు, గోడ అలంకరణలకు ఉద్దేశించిన మెత్తని రకాలు ‘శిల్ప్‌కార్’, ‘మౌల్డిట్’ వంటి పేర్లతో లభిస్తాయి. ఒకసారి గట్టిపడిన ఎపాక్సీ మళ్లీ మెత్తని ముద్దగా మారదు. దాని బలానికి, దానితో వచ్చే ఇబ్బందులకు కూడా మూలం ఈ గుణమే. అందువల్ల ముద్దను కలపడానికి ముందే అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ ప్రమాదం తెస్తుందో తెలిసి ఉండటం అవసరం.

పుట్టుక

స్విట్జర్లాండ్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త పియర్ కాస్తాన్ 1930లలో దంతవైద్యానికి పనికివచ్చే పదార్థం కోసం చేసిన పరిశోధనల్లో ఎపాక్సీ రెసిన్‌ను రూపొందించారు. ఆ హక్కులు పొందిన సిబా సంస్థ 1946లో బాసెల్ నగర పారిశ్రామిక ప్రదర్శనలో ‘అరల్డైట్’ పేరిట జిగురును పరిచయం చేసింది. దాదాపు అదే కాలంలో అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ రంగుల పరిశ్రమ కోసం ఇటువంటి రెసిన్లను అభివృద్ధి చేశారు. ద్రవరూపంలోని రెసిన్‌కు టాల్క్, సున్నపురాయి పొడి వంటివి చేర్చి చిక్కబరిస్తే చేతితో పిసకదగిన ముద్ద తయారవుతుంది.

అతికే పదార్థానికి పొడి కలిపి పూరకంగా వాడటం తెలుగు నేలకు కొత్తది కాదు. కొండపల్లి బొమ్మల తయారీలో తెల్ల పొణికి చెక్కతో విడిగా చెక్కిన అవయవాలను అతికేందుకు, ఆకృతిని సరిదిద్దేందుకు చింతగింజల పొడి, రంపపు పొట్టుతో చేసిన ‘మక్కు’ను వాడతారు. మక్కు తడి ఆరడం వల్ల గట్టిపడుతుంది. ఎపాక్సీ మాత్రం ఆరడం వల్ల కాక, రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది.

గట్టిపడే తీరు

రెసిన్ అణువుల కొసలను హార్డెనర్‌లోని అమైన్ వంటి సమ్మేళనాలు ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. చివరకు ముద్ద అంతా అల్లుకుపోయిన వలలా మారుతుంది. ఈ చర్యలో నీరు ఆవిరి కావలసిన పని లేదు కనుక ముద్ద పెద్దగా కుంచించుకుపోదు, బంకమట్టిలా పగుళ్లు తీయదు. తడిలో, నీటి అడుగున గట్టిపడే రకాలు ఉండటానికీ కారణం ఇదే.

చర్య జరుగుతున్నప్పుడు వేడి పుడుతుంది. పెద్ద ముద్దను ఒకేసారి కలిపితే లోపలి వేడి చర్యను మరింత వేగిరపరచి, పని పూర్తికాకముందే బిగుసుకునేలా చేస్తుంది. వేసవిలో కొద్దికొద్దిగా కలుపుకోవాలని చెప్పేది ఇందుకే. చలికాలంలో ఇందుకు విరుద్ధంగా గట్టిపడటం ఆలస్యమవుతుంది.

కలిపే విధానం

చాలా రకాల్లో రెండు భాగాలను సమానంగా తీసుకోవాలి. కొన్నింటిలో నిష్పత్తి వేరుగా ఉండవచ్చు కనుక ప్యాకెట్‌పై ముద్రించిన సూచనే ప్రమాణం. హార్డెనర్ ఎక్కువ వేస్తే త్వరగా గట్టిపడుతుందన్న నమ్మకం సరికాదు. జతకూడని అణువులు మిగిలిపోయి ముద్ద జిగటగానో, పెళుసుగానో తయారవుతుంది.

రెండు భాగాల రంగులు సాధారణంగా వేర్వేరుగా ఉంటాయి. చారలు పూర్తిగా పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. చార మిగిలిన చోట బలం ఉండదు. పిసికిన తరువాత పని చేయడానికి దొరికే వ్యవధి రకాన్ని బట్టి కొన్ని నిమిషాల నుంచి గంటకు పైగా ఉంటుంది. పూర్తి బలం రావడానికి సాధారణంగా ఒక రోజు పడుతుంది. పైకి గట్టిగా కనిపించినంత మాత్రాన వెంటనే నీరు వదలడం, బరువు మోపడం తగదు.

అతుకు నిలవకపోవడానికి తరచుగా కారణమయ్యేది ఉపరితలమే. నూనె, తుప్పు, పాత రంగు, దుమ్ము తొలగించి, గరుకు కాగితంతో రుద్ది, తుడిచి ఆరబెట్టిన తరువాతే ముద్దను అద్దాలి. పగులుపై కేవలం పూయక, వేలితో లోపలికి నొక్కి, పగులు అంచులు దాటి కొంత మేర పరచాలి. చివర తడివేలితో నునుపు చేయవచ్చు.

ఇంటి మరమ్మతుల్లో

ఇనుము, ఇత్తడి, సిమెంటు, రాయి, పింగాణీ, చెక్క వంటి వాటిపై ఎపాక్సీ బాగా పట్టుకుంటుంది. మురుగునీటి పైపు అతుకులు, వాష్‌బేసిన్ కింది సందులు, విరిగిన పూలకుండీలు, ఊడిన టైలు అంచులు, మర సీలలు వదులైన చెక్క రంధ్రాలు దీనితో సరిచేయదగినవి. గట్టిపడిన తరువాత దీనికి రంధ్రం వేయవచ్చు, ఆకురాయితో అరగదీయవచ్చు, రంగు వేయవచ్చు. ఒత్తిడితో నీరు పారే పైపు కారుతున్నప్పుడు ముందు వాల్వు మూసి, నీటిని పూర్తిగా వంచేయాలి. అప్పటికీ ఆ అతుకును తాత్కాలికమైనదిగానే భావించి, పైపు ముక్కను మార్పించుకోవడం మేలు.

పాలిథిలీన్, పాలీప్రొపిలీన్, సిలికోన్, టెఫ్లాన్‌లపై ఎపాక్సీ సరిగా అతకదు. మిద్దెలపై కనిపించే ప్లాస్టిక్ నీటి ట్యాంకులు ఎక్కువగా పాలిథిలీన్‌తో చేసినవే. వాటి పగులుకు పెట్టిన ముద్ద కొద్ది రోజుల్లో పొరలా ఊడివస్తుంది. వేడితో కరిగించి అతికే ప్లాస్టిక్ వెల్డింగే అక్కడ సరైన మార్గం. తాగునీరు నిల్వ ఉండే లోపలి భాగాల్లో, ఆహారం తగిలే పాత్రల్లో ఆ అవసరానికి ధ్రువీకరించిన రకాలను తప్ప వాడరాదు.

వాడరాని చోట్లు

వంటగ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్, గొట్టం, పొయ్యి వాల్వులపై ఎపాక్సీ ముద్దతో అతుకు వేయడం ప్రాణాపాయకరం. ముద్ద కింద గ్యాస్ కొద్దికొద్దిగా కారుతున్నా పైకి తెలియకపోవచ్చు. వాసన వచ్చినప్పుడు రెగ్యులేటర్ కట్టి, తలుపులు, కిటికీలు తెరిచి, విద్యుత్ స్విచ్చులు తాకకుండా బయటకు వచ్చి, వంటగ్యాస్ అత్యవసర సహాయ సంఖ్య 1906కు ఫోన్ చేయాలి.

ప్రెషర్ కుక్కర్ విషయంలోనూ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. కుక్కర్ లోపలి వేడి దాదాపు 120 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే సాధారణ ఎపాక్సీ 50 నుంచి 70 డిగ్రీల మధ్యనే పట్టు సడలడం మొదలవుతుంది. పగిలిన మూతకు, పిడికి, రక్షణ వాల్వుకు దానితో అతుకు వేస్తే ఆవిరి ఒత్తిడికి ఒక్కసారిగా విడిపోవచ్చు. గీజర్, పొయ్యి దగ్గరి భాగాలు కూడా దీనికి తగవు. ఎపాక్సీ విద్యుత్తును ప్రసరింపజేయదు. అయినప్పటికీ కాలిన ప్లగ్గును, తెగిన తీగను దానితో కప్పివేస్తే లోపం అలాగే ఉండిపోతుంది. అటువంటి వాటిని మార్చడమే పరిష్కారం.

హస్తకళలో

కుండలు, సీసాలు, ప్లైవుడ్, ఎండీఎఫ్ పలకలపై ఉబ్బెత్తు చిత్రాలు తీర్చడానికి ఎపాక్సీ ముద్ద విస్తృతంగా వాడుకలో ఉంది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో మట్టి, పశువుల పేడ కలిపి, అద్దం ముక్కలు పొదిగి గోడలపై తీర్చే ‘లిప్పన్’ పనిని నేడు నగరాల్లో పలకలపై ఈ ముద్దతో అనుకరిస్తున్నారు. మట్టిలా కాల్చనవసరం లేకపోవడం, సన్నని రేకలు, తీగలు కూడా పగలకుండా నిలవడం ఇందులోని సౌలభ్యం.

పెద్ద బొమ్మను పూర్తిగా ముద్దతోనే చేయడం ఖర్చుతో కూడినది, బరువైనది. తీగ, కాగితం, థర్మాకోల్‌లతో లోపలి ఆకృతిని నిర్మించి, పైన పలుచని పొర పరచడం మంచి పద్ధతి. ముద్ద చేతికి, పలకకు అంటకుండా కొద్దిగా టాల్కం పొడి చల్లుకోవచ్చు. పూర్తిగా గట్టిపడిన మరునాడు అక్రిలిక్ రంగులు వేసి, వార్నిష్ పూయాలి. ఎండ తగిలితే ఎపాక్సీ పసుపెక్కుతుంది కనుక ఆరుబయట ఉంచే వస్తువులకు ఈ పూత తప్పనిసరి.

చేతుల రక్షణ

గట్టిపడిన ఎపాక్సీ వల్ల సాధారణంగా హాని ఉండదు. గట్టిపడని రెసిన్, హార్డెనర్లు మాత్రం చర్మానికి అలర్జీ కలిగించగలవు. మొదట్లో ఏమీ కాకపోయినా, పదేపదే తాకడంతో ఒకనాడు దురద, ఎరుపు, పొక్కులు మొదలవుతాయి. ఒకసారి ఏర్పడిన ఈ అలర్జీ సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఆ తరువాత స్వల్ప మోతాదు సోకినా బాధ తిరగబెడుతుంది. ఇంటివద్ద అలంకరణ వస్తువులు చేసి అమ్ముకొనేవారు రోజూ గంటల తరబడి ఒట్టిచేతులతో ముద్ద పిసికితే, చివరకు ఆ జీవనోపాధినే వదులుకోవలసి రావచ్చు.

పలుచని రబ్బరు తొడుగుల కంటే నైట్రైల్ తొడుగులు మెరుగైన రక్షణ ఇస్తాయి. చర్మానికి అంటిన ముద్దను వెంటనే తుడిచి సబ్బునీటితో కడగాలి. థిన్నర్, పెట్రోలు వాడితే రసాయనం చర్మంలోకి మరింతగా చొచ్చుకుపోతుంది. అరగదీసేటప్పుడు ముక్కుకు మాస్కు ఉండాలి. పిల్లలు ఆడుకొనే రంగుల బంకమట్టికి ఇది ప్రత్యామ్నాయం కాదు. మిగిలిన ముద్దను గట్టిపడనిచ్చి చెత్తలో వేయాలి తప్ప సింకులో కడిగివేయరాదు. రెండు డబ్బాల మూతలను, కత్తులను తారుమారు చేస్తే నిల్వ సరుకు కూడా పాడవుతుంది.

పాత వస్తువుల విషయంలో

పూర్వీకుల నాటి విగ్రహం, పురాతన పాత్ర, విలువైన కొయ్యబొమ్మ విరిగినప్పుడు ఎపాక్సీ వాడకపోవడమే ఉత్తమం. మ్యూజియం నిపుణులు అతుకును తరువాత విప్పడానికి వీలుండాలన్న సూత్రాన్ని పాటిస్తారు. అందుకే ద్రావణిలో మళ్లీ కరిగే అక్రిలిక్ రెసిన్లకు వారు ప్రాధాన్యమిస్తారు. వంకరగా అతికిన ఎపాక్సీని తొలగించబోతే అసలు వస్తువే పగలవచ్చు. పూలకుండీకి, మురుగు పైపుకు మేలు చేసే శాశ్వతత్వమే అక్కడ నష్టం కలిగిస్తుంది. విప్పవలసిన అవసరం ఎన్నటికీ రాని చోట, వేడి, ఆవిరి ఒత్తిడి, గ్యాస్ లేని చోట ఎపాక్సీ ముద్ద తక్కువ ఖర్చుతో దీర్ఘకాలం నిలిచే సాధనం.