బీదవాని చేతికి వచ్చిన పైకము

అనుకోకుండ వచ్చిన ధనమును మనవారు లక్ష్మీకటాక్షమందురు. ఏనాడో ఆశ వదలుకొన్న బాకీ వసూలైనను, దూరపు బంధువు ఆస్తి సంక్రమించినను ఆ యింట ఆ పూట పండుగయే. కాని ప్రభుత్వమిచ్చు సహాయవేతనముతో కాలము గడుపు కుటుంబమునకు అట్టి ధనము ఒక్కొక్కప్పుడు చిక్కు తెచ్చిపెట్టును. ఏలయన, ఆ వేతనము తాను లేనివాడనని ఋజువు చేసికొనినవానికే యిచ్చునది. వంద పౌనులు చేతబడిన మరునాడు వాడు లేనివాడా, ఉన్నవాడా? ఉన్నవాడైనచో ఎన్నాళ్ళు ఉన్నవాడు? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుటలో ఇంగ్లండు దేశము ఒక శతాబ్దమునకు పైగా శ్రమపడెను. మంత్రివర్గములు ఊగినవి, వీధులలో అల్లరులు జరిగినవి.

ఎలిజబెత్ రాణి కాలమునాటి 1601 చట్టము బీదలను పోషించు భారమును గ్రామసమాజములపై ఉంచెను. 1834లో దానిని సవరించి, శక్తి కలిగియు సహాయము కోరువారిని శరణాలయములకు, అనగా వర్కుహౌసులకు, పంపవలెనని నిశ్చయించిరి. లోపలి బ్రదుకు వెలుపలి కూలివాని బ్రదుకుకంటె హీనముగా ఉండవలెననునది ఆనాటి సిద్ధాంతము. అక్కడ మన ప్రశ్నకు తావే లేదు. చేతిలో పైకమున్నవాడు నిరుపేద కాడు. నిరుపేద కానివానికి సహాయము లేదు. ఇచ్చిన సహాయమును అప్పుగా వ్రాసికొని తరువాత రాబట్టుకొను అధికారము కూడ ఆ చట్టమునందుండెను.

1908లో వృద్ధాప్య వేతనముల చట్టము వచ్చెను. ఆస్క్విత్ సిద్ధపరచగా లాయిడ్ జార్జి నడిపించిన ఈ చట్టము 1909 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. డెబ్బది యేండ్లు నిండినవారికి వారమునకు అయిదు షిల్లింగులు. ఏటికి 21 పౌనుల లోపు రాబడి కలవారికి పూర్తి వేతనము; రాబడి పెరిగినకొలది మెట్టుమెట్టుగ తగ్గి, 31 పౌనుల 10 షిల్లింగులు దాటినచో ఏమియు లేదు. ఇందులో ఒక నిబంధన గమనింపదగినది. వేతనమునకు అర్హత సంపాదించుటకై ఎవడైనను తన రాబడినిగాని ఆస్తినిగాని ఏ విధముగనైనను వదలుకొనినచో, అది ఇంకను వానియొద్దనే ఉన్నట్లు లెక్క కట్టవలెను. కుమారుని పేర వ్రాసియిచ్చి, చేతులు దులుపుకొని పింఛను కచేరికి వచ్చు వృద్ధుని ఆనాడే ఊహించిరన్నమాట. ఈ వాక్యమును వ్రాసినవాడెవడోగాని మనుష్యస్వభావము నెరిగినవాడు. ఈ నియమము మాటలు మార్చుకొని నేటికిని బ్రిటిషు సంక్షేమ చట్టములలో నిలిచియున్నది.

అసలు కథ 1931లో మొదలగును. ఆ యేటి ఆగస్టులో మాక్డొనాల్డు గారి లేబరు ప్రభుత్వము కూలి జాతీయ ప్రభుత్వమేర్పడెను. నిరుద్యోగభృతిని నూటికి పదివంతుల చొప్పున తగ్గించిరి. పురుషునకు వారమునకు 17 షిల్లింగులుండినది 15 షిల్లింగుల 3 పెన్నీలాయెను. అంతటితో ఆగలేదు. భీమా క్రింద 26 వారముల భృతి ముగిసినవారు ఆపైని సహాయము కావలెనన్నచో తమ తాహతును విచారింపనీయవలెను. ఇంగ్లీషున దీనికే మీన్సు టెస్టని పేరు. ఈ విచారణ స్థానిక సహాయసంఘముల కప్పగింపబడెను. అవి వెనుకటి బీదల చట్టమునకు వారసులు; ఆ చట్టపు వాసన వానిని వీడలేదు. 1933 ఆరంభమునకు ఆ దేశమున నిరుద్యోగుల సంఖ్య ముప్పది లక్షలకు చేరువయ్యెను.

విచారణాధికారి యింటికి వచ్చును. కుటుంబములో ఎవరెవరు ఏమి సంపాదించుచున్నారు, నిలువ సొమ్మెంత, పింఛనేమైన కలదా, ఇంట ఏ సామానులున్నవి అని అడుగును. కుమార్తె నేతమిల్లులో తెచ్చు కూలి తండ్రి భృతినుండి తరిగిపోవును. ముసలితాత పింఛను కూడ లెక్కలోనికి వచ్చును. తత్ఫలితముగా వృద్ధులు కొందరు కన్నబిడ్డల యిండ్లు విడిచి పరుల యింట అద్దెగదిలో చేరవలసి వచ్చెనని జార్జి ఆర్వెల్ 1937లో వెలువరించిన విగన్ పియర్ గ్రంథములో వ్రాసియున్నాడు. తాహతు విచారణ బీదల పైకమును మిగిల్చినదో లేదో కాని, సంసారములను విడదీసినదన్న అపకీర్తిని మాత్రము మూటకట్టుకొనెను.

ఇక హఠాత్తుగా వచ్చిన ధనము మాట. కార్మికునకు ప్రమాదమున చేయి విరిగినందులకు వచ్చిన పరిహారము, యుద్ధములో గాయపడినందులకు వచ్చు వేతనము, నెలనెల పెన్నీలు కట్టిన సహకార సంఘమునుండి వచ్చిన మొత్తము, ఇవన్నియు ఆనాటి పేట యిండ్లకు వచ్చిన భాగ్యములు. మొదట ఒక్కొక్క సంఘము ఒక్కొక్క తీరున లెక్కించెను. ఒక పట్టణమున విడిచిపెట్టిన సొమ్ము ప్రక్క పట్టణమున కోతకు కారణమయ్యెడిది. ఉదారముగా వ్యవహరించినందులకు రాదర్హాము పట్టణమందును, డర్హాము జిల్లాయందును సంఘములను తొలగించి, ప్రభుత్వము 1932లో తన కమీషనర్లను నియమించెను. ఆ సెప్టెంబరులో బర్కెన్‌హెడ్‌లో అల్లరులు చెలరేగెను. అక్టోబరులో ఆకలియాత్రికులు, ఈ విచారణను రద్దుచేయుమను అర్జీతో లండను చేరిరి.

ఆ యేటి చివర పార్లమెంటు ఒక చిన్న చట్టము చేసెను. గాయపు పింఛనులో సగము, కార్మిక పరిహారములో సగము లెక్కింపరాదు. నిలువ ధనములో మొదటి 25 పౌనులను కూడ ముట్టరాదు. అచటినుండి 300 పౌనులవరకు ప్రతి 25 పౌనులకును వారమునకొక షిల్లింగు రాబడి వచ్చుచున్నట్లు భావింపవలెను. వినుటకు ఇది న్యాయముగనే తోచును. కాని లెక్క వేసి చూచెదము. ఒక నిరుద్యోగి, భార్య, ఇరువురు బిడ్డలు: వారికి రాదగిన గరిష్ఠ భృతి వారమునకు 27 షిల్లింగుల 3 పెన్నీలు. వారి చేతికి వంద పౌనులు వచ్చినవనుకొందము. ఇరువదియైదు పోగా డెబ్బదియైదు; దానికి మూడు షిల్లింగుల కోత. భృతి 24 షిల్లింగుల 3 పెన్నీలకు దిగును.

ఆ పైకమును తపాలా సేవింగ్సు బ్యాంకులో దాచినచో వచ్చు వడ్డి నూటికి ఏటికి రెండున్నర. అనగా 25 పౌనులకు పండ్రెండున్నర షిల్లింగులు. చట్టము ఊహించిన రాబడియో, వారమునకొక షిల్లింగు చొప్పున ఏటికి 52 షిల్లింగులు! వచ్చెడి వడ్డికి నాలుగింతలకు మించి వచ్చినట్లు భావించి కోసినారన్నమాట. కావున ఆ కుటుంబము అసలులోనుండియే తినవలెను. అదియే ఆ నియమపు ఉద్దేశ్యమని సమర్థకులు చెప్పెడివారు: ముందు నీ సొమ్ము ఖర్చుచేసికొని తరువాత పరుల సొమ్ము కోరుమని. ఇందులో న్యాయము లేదని నేననను. పన్ను కట్టువారిలో వంద పౌనుల నిలువ లేనివారెందరో ఉండిరి. కాని వచ్చిన మొత్తముతో వెంటనే బల్లలు, పరుపులు, పిల్లలకు జోళ్ళు కొనివేసినవానికి కోత లేదు. కష్టదినములకని దాచుకొనినవానికి కోత. పొదుపుచేయుమని పాఠశాలలలోను ప్రార్థనాలయములలోను బోధించిన సమాజము పొదుపునకే దండుగ విధించెను.

1934లో ఈ పనినంతయు లండనులోని ఒక కేంద్రమండలి కప్పగించి, గాయపు పింఛనులో వారమునకు మొదటి పౌనును విడిచిపెట్టిరి. 1935 జనవరిలో మండలివారి క్రొత్త రేట్లు అమలుకు రాగా, అనేకులకు వెనుకటికంటె తక్కువయే ముట్టెను. దక్షిణ వేల్సు గనుల ప్రాంతమున లక్షలాది జనులు వీధులలోనికి వచ్చిరి. ఫిబ్రవరిలో ప్రభుత్వము వెనుకకు తగ్గి, పాత రేటు క్రొత్త రేటు రెంటిలో ఏది యెక్కువయో దానినే యిమ్మనెను. కుటుంబమంతటి రాబడిని కలిపి లెక్కించు పద్ధతి మాత్రము 1941వరకు పోలేదు. యుద్ధమునకు కార్మికుల చేతులు కావలసివచ్చినప్పుడు, కార్మిక నాయకుడు ఎర్నెస్టు బెవిన్ మంత్రిగానున్న ప్రభుత్వమే దానిని తీసివేసెను.

1942 డిసెంబరులో వెలువడిన బెవరిడ్జి నివేదిక ఈ విషయమును సూటిగా స్పృశించెను. ప్రజలు తాహతు విచారణను ద్వేషించుట సర్వమును ఉచితముగా పొందగోరుటవలన కాదనియు, కర్తవ్యమని తాము నమ్మిన పొదుపునకు శిక్ష పడుచున్నదను మనస్తాపమువలననే యనియు ఆయన అభిప్రాయము. అందుకే ఆయన భీమాను ముందు నిలిపెను. చందా కట్టినవానికి భృతి హక్కు. వాని పెట్టెలో ఏమున్నదని ఎవరును అడుగరు. 1948 జులై 5న బీదల చట్టము అంతరించెను. కాని విచారణ అంతరించలేదు. భీమా భృతి అద్దెకు చాలనివారు జాతీయ సహాయమండలి తలుపు తట్టుచునే యుండిరి. అక్కడ నిలువ సొమ్ము లెక్క యథాతథము.

అమెరికాలో ఈ చిక్కు మరింత పదునెక్కెను. 1981లో రీగను ప్రభుత్వకాలమున వచ్చిన చట్టము, పిల్లలు గల బీదకుటుంబముల సహాయమునకు ఒక నియమము చేర్చెను. ఒక్కసారిగా వచ్చిన మొత్తమును ఆ కుటుంబపు నెలవారీ అవసరముగా రాష్ట్రము నిర్ణయించిన సొమ్ముచేత భాగించవలెను. ఎన్ని నెలలు వచ్చునో అన్ని నెలలు సహాయము లేదు. సొమ్ము మొదటి నెలలోనే అప్పులవారికి పోయినను సరే. ఈ కాఠిన్యమును 1984లో కొంత సడలించి, ప్రాణావసరమువంటి సందర్భములలో ఆ గడువును తగ్గించు వీలు రాష్ట్రములకు కల్పించిరి. శరీరమునకు కలిగిన గాయమునకు వచ్చిన పరిహారము రాబడియా, లేక పోయినదానికి బదులా అను వాదము వర్జీనియా రాష్ట్రమునుండి సుప్రీముకోర్టువరకు పోయెను. 1987లో అయిదుగురు న్యాయమూర్తులు రాబడిగా లెక్కింపవచ్చుననిరి, నలుగురు విభేదించిరి. విరిగిన చేయి రాబడి యెట్లగునో నాకు బోధపడదు. కాని అదియే తీర్పు. 1996లో ఆ సహాయ పథకమునే ఎత్తివేసిరి.

వృద్ధులకును అంగవికలురకును ఆ దేశమిచ్చు మరియొక సహాయమునకు, ఒంటరి మనిషియొద్ద రెండువేల డాలర్లకు మించి నిలువ ఉండరాదను హద్దు 1989లో ఏర్పడెను. ధరలు ఎంత పెరిగినను, మూడు దశాబ్దములు దాటినను అది కదలలేదు. బ్రిటనులో ఇప్పుడు మొదటి ఆరువేల పౌనులను విడిచిపెట్టి, ఆపైని ప్రతి 250 పౌనులకును నెలకు 4 పౌనుల 35 పెన్నీల రాబడిగా భావింతురు. పదునారువేలు దాటినచో సహాయము లేదు. ఏటికి నూటికి ఇరువదికి మించిన వడ్డి అన్నమాట. 1932నాటి ఊహ నూటికి పదిమాత్రమే.

అలాస్కా రాష్ట్రము వేరొక దారి పట్టెను. భూగర్భ తైలమువలన వచ్చిన నిధినుండి 1982లో అక్కడి ప్రతి నివాసికి, బిడ్డలతో సహా, వేయి డాలర్లు పంచిరి. ఆ వేయి డాలర్ల మూలమున బీదలకు సహాయవేతనము ఆగిపోవునని శాసనసభ్యులు ముందుగనే గ్రహించిరి. కావున, ఈ పంపకమువలన వేతనము కోల్పోయినవారికి ఆ లోటును రాష్ట్రమే భర్తీచేయునట్లు శాసనములో వ్రాసి, అందుకు కావలసిన సొమ్మును కూడ పంపకపు నిధిలోనుండియే ముందుగ తీసి యుంచిరి.