మా హాస్టల్ రోజులు, మైకేల్ జాక్సన్

మా తరం వాళ్లం నలుగురం ఎక్కడ కలిసినా, మహబూబాబాద్ స్టేషన్ బయట టీ కొట్టు దగ్గరైనా, మేడారం జాతర తొవ్వలోనైనా, మాట తిరిగి తిరిగి హాస్టల్ రోజుల మీదికే వస్తుంది. నీళ్ల చారు, రేకు పెట్టెలు, గజ్జి, వాటి వెనకే మైకేల్ జాక్సన్. ఇప్పటి పిల్లలు నవ్వుతారు. తండాలో, గూడెంలో పుట్టి, ఒక్క ఇంగ్లిషు ముక్క అర్థం కాకున్నా ఆ అమెరికా పాటగాని పేరు నోట్‌బుక్కుల అట్టల మీద రాసుకున్నోళ్లం మేము. ఈ ముచ్చట కూడా మన చరిత్రే, రాసిపెట్టాలె అనిపించింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇప్పుడు మూడు జిల్లాలు. 2016 అక్టోబరు దాకా అంతా ఒక్క వరంగల్ జిల్లానే. తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో. ఆ తర్వాతనే తండాల పిల్లలు గుంపులుగా గిరిజన హాస్టళ్లకు చేరిండ్రు. తాడ్వాయి, ఏటూరునాగారం వైపు కోయ పిల్లలు అప్పటికే ఆశ్రమ పాఠశాలల్లో ఉండిరి. 1980ల హాస్టల్ గదుల్లో కోయ భాష, గోర్ బోలి పక్కపక్కన పడుకున్నయి. ఇవాళ రెండు వైపులా వినిపించే తగువులు అప్పుడు లేవని చెప్తే అబద్ధమే అవుతుంది. కానీ టేప్ రికార్డర్ ఒక్కటే ఉండేది, అందరం దాని చుట్టే కూసునేటోళ్లం.

'థ్రిల్లర్' ఆల్బమ్ వచ్చింది 1982 చివర. అమెరికా టీవీలో జాక్సన్ మూన్‌వాక్ చేసి చూపింది 1983 మే నెలలో. అది మా దాకా నేరుగా రాలేదు, చిరంజీవి మీదుగా వచ్చింది. 1985లో 'దొంగ' సినిమాలో 'థ్రిల్లర్' వీడియోను చూసి తీసిన శవాల డాన్సు పాట ఉంది. 1987లో 'పసివాడి ప్రాణం' వచ్చినంక 'బ్రేక్ డాన్స్' అనే మాట తండాలో ముసలవ్వలకు కూడా తెలిసింది. అసలు మనిషి వేరే ఉన్నడని, ఆయన నల్లజాతి మనిషని సినిమా తర్వాతనే తెలుసుకున్నం.

క్యాసెట్లు రైలు పట్టాల వెంట వచ్చినయి. సికింద్రాబాద్ నుంచి జనగామకు, విజయవాడ వైపు నుంచి డోర్నకల్, మహబూబాబాద్‌కు. భూపాలపల్లికి రైలు లేదు. అక్కడికి పాట బస్సెక్కి పరకాల మీదుగా, సింగరేణి కార్మికుల సంచుల్లో కాస్త ఆలస్యంగా చేరింది. కొత్త క్యాసెట్ కొనే స్తోమత మాకెక్కడిది? ఖాళీ క్యాసెట్ ఇచ్చి రికార్డింగ్ సెంటర్‌లో నింపించుకునేది. రీలు చుట్టుకుపోతే పెన్సిల్ పెట్టి తిప్పేది. 'బీట్ ఇట్'లో నడుమ ఒక గిటారు మోత వస్తది, దాని కోసం ఆ పాటను పది సార్లు వెనక్కి తిప్పేటోళ్లం. అది వాయించింది ఎడ్డీ వాన్ హేలెన్ అని, 'వాన్ హేలెన్' అనే అమెరికా రాక్ బ్యాండ్ ఆయనదని పెద్దయినంక తెలిసింది. అంటే అమెరికా రాక్ సంగీతం మా చెవిన పడింది ఆ కొద్దిసేపే. అదే టేప్ రికార్డర్‌లో రాత్రిపూట చప్పుడు తగ్గించి జననాట్యమండలి పాటలు వినేటోళ్లూ ఉన్నరు. ఆ క్యాసెట్ల మీద మాత్రం ఎవరూ పేరు రాసేటోళ్లు కాదు.

ఇంత మోజు ఎందుకు? బడిలో మా భాషకు వెక్కిరింత, మా బట్టలకు వెక్కిరింత. వార్షికోత్సవం నాడు స్టేజీ మీద బ్రేక్ డాన్స్ చేస్తే మాత్రం ఊరి పెద్దింటి పిల్లలు కూడా లేచి ఈలలు వేసేటోళ్లు. ఆ ఆట వాళ్లకూ కొత్త, మాకూ కొత్త. తాతల నుంచి వాళ్లకు వచ్చింది, మాకు రానిది అంటూ ఏమీ లేదు. పైగా హోళీకి లెంగి పాటల మీద, జాతరకు డోలు మీద చిన్నప్పటి నుంచీ ఆడిన కాళ్లు మావి. అరిగిన స్లిప్పర్లతో సిమెంటు గచ్చు మీద వెనక్కి జారుడు రెండు రోజుల్లో పట్టుబడింది.

ఒక వార్షికోత్సవం మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటది. బడి పేరు వద్దు. నలుగురు కోయ పిల్లలు ఇంటి నుంచి కొమ్ముల తలపాగలు తెచ్చుకున్నరు, కొమ్ముకోయ ఆట ఆడుతమని. "అడివి గంతులు ఎందుకురా, ఆ బ్రేక్ డాన్సేదో చేయండి" అన్నడు సారు. కొమ్ములు మళ్ల గోనెసంచిలోకి పోయినయి. వాళ్ల జాగాలో స్టేజీ ఎక్కింది మేమే. చప్పట్లు బాగా పడ్డయి.

మేము మొక్కిన మనిషి కథ అప్పుడు మాకు తెలియదు. జాక్సన్ పుట్టింది 1958లో, ఇండియానా రాష్ట్రంలో గ్యారీ అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊర్లో. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసిండు. బ్రేక్ డాన్స్ ఆయన కనిపెట్టింది కాదు, 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్ పేటల్లో నల్లజాతి, లాటిన్ పిల్లలు వీధుల్లో పుట్టించింది. మూన్‌వాక్ అడుగు కూడా ఆయన కంటే ముందే, బిల్ బెయిలీ వంటి నల్లజాతి నృత్యకారుల కాళ్లల్లో ఉన్నది. 1991లో వచ్చిన 'బ్లాక్ ఆర్ వైట్' వీడియోలో ఆయన అమెరికా మూలవాసులతో కలిసి ఆడుతడు. ఊరికి కేబుల్ వచ్చినంక అది చూసి, మాలో ఒకడు వాళ్ల ఈకల తలపాగలను గుర్తుపట్టినట్టు టీవీకి దగ్గరగా జరిగి కూసున్నడు. గోనెసంచి మోసుకుపోయిన నలుగురిలో వాడొకడు.

మా దాకా రాని పాట ఒకటుంది. 1969లో లాస్ ఏంజెల్స్‌లో ప్యాట్, లాలీ వేగాస్ అనే అన్నదమ్ములు 'రెడ్‌బోన్' అనే రాక్ బ్యాండ్ పెట్టిండ్రు. మూలవాసుల బ్యాండ్ అని గర్వంగా చెప్పుకున్నరు. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా ఆడోళ్లను, పిల్లలను కూడా విడువకుండా వందల మందిని చంపింది. 1973లో మూలవాసులు ఆ ఊరిని 71 రోజులు తమ ఆధీనంలో ఉంచుకుని నిలబడ్డరు. ఆ ఏడే రెడ్‌బోన్ ఆ ఊచకోత మీద పాట చేసింది. అమెరికాలో విడుదల చేయడానికి కంపెనీ వెనకాడింది. సముద్రం అవతల నెదర్లాండ్స్‌లో మాత్రం అది మొదటి స్థానానికి ఎక్కింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగిన రోజులకు ఆ క్యాసెట్ ఒక్కటి మన దిక్కు వచ్చి ఉంటే ఎట్లుండేదో! రాలేదు. అమ్ముడుపోయేదే సముద్రాలు దాటుతది. అదే బ్యాండ్ ప్రేమ పాట 'కమ్ అండ్ గెట్ యువర్ లవ్' 2014లో ఒక హాలీవుడ్ సినిమాలో పడి, ఇప్పుడు మన పిల్లల ఫోన్లలోకి కూడా వచ్చింది. పాడినోళ్లు ఎవరో వాళ్లకు తెలియదు, చెప్పే సార్లకూ తెలియదు.

1996 నవంబరు 1న జాక్సన్ ముంబైలో ఆడినప్పుడు పేపర్ల వచ్చిన ఫోటో కత్తిరించి పెట్టె మూతకు అంటించుకున్నం. 2009 జూన్‌లో ఆయన పోయినప్పుడు, పెండ్లాం పిల్లలున్నోళ్లం, ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నం. ఆ పెట్టె ఇంకా ఉంది. అందులో పదకొండు క్యాసెట్లు ఉన్నయి. ఒక్కదాంట్లో కూడా మా అమ్మమ్మల తీజ్ పాట లేదు, పెళ్లినాటి ఢావ్లో లేదు, పడిగె విప్పి డోలీలు రాత్రంతా చెప్పిన సమ్మక్క కథ లేదు. టేప్ రికార్డర్‌కు ఎర్ర బటన్ ఉండేది, రికార్డు చేసేది. దాన్ని ఎన్నిసార్లు నొక్కినమో లెక్క లేదు, ప్రతిసారీ రేడియోలో వచ్చే సినిమా పాట కోసమే. ఆ రోజుల్లో పాడిన అవ్వలు ఇప్పుడు లేరు. జయధీర్ తిరుమలరావు వంటి వాళ్లు తిరిగి తిరిగి కోయ పడిగెలను, వాయిద్యాలను సేకరించిండ్రు. డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయనా వెళ్లిపోయిండు.

ఈ ఎండాకాలం సెలవుల్లో మేము ముగ్గురం గూడూరు, కొత్తగూడ మండలాల తండాలు, గూడేలు తిరగాలనుకుంటున్నం. ఢావ్లో పూర్తిగా వచ్చిన అవ్వ మీ ఇంట్లో ఉంటే కబురు పెట్టండి. ఫోన్ ఛార్జింగ్ నిండా పెట్టుకుని వస్తం.