పోత ఉక్కు.. గట్టితనం ఒక్కటే చాలదు!
క్రషర్ దవడ నుంచి టర్బైన్ చక్రం వరకు

సరూర్‌నగర్: కొండరాయిని కంకరగా మార్చే క్రషర్ దవడ, రైలు పట్టాలు కలిసేచోట అమర్చే క్రాసింగ్, జలవిద్యుత్ కేంద్రంలో తిరిగే టర్బైన్ చక్రం.. ఈ మూడింటికీ ఆధారం పోత మిశ్రమ ఉక్కే. కరిగిన ఉక్కులో క్రోమియం, నికెల్, మాంగనీసు, మాలిబ్డినం వంటి లోహాలను కలిపి, నేరుగా అచ్చులో పోసి దీనిని తయారు చేస్తారు. సరూర్‌నగర్‌కు సమీపంలోని కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పాటైన మిశ్రధాతు నిగమ్ (మిధాని) ప్రత్యేక ఉక్కులకు దేశంలో పేరొందింది. పీఎస్‌ఎల్‌వీ తొలిదశ మోటారు కవచానికి వాడే మారేజింగ్ ఉక్కు ఇక్కడ తయారైందే. అయితే అది దిమ్మెగా పోసిన తరువాత సాగదీసిన రకం. పోత ఉక్కు అచ్చులోనే తుదిరూపం పొందుతుంది.

ఏ లోహం.. ఏ గుణం?
మిశ్రమ లోహాల మొత్తం 8 శాతం లోపు ఉంటే అల్ప మిశ్రమ ఉక్కుగా, అంతకుమించితే అధిక మిశ్రమ ఉక్కుగా పరిగణిస్తారు. క్రోమియం, మాలిబ్డినం కలిసిన అల్ప మిశ్రమ ఉక్కు వేడి ఆవిరిని తట్టుకుంటుంది గనుక విద్యుత్ కేంద్రాల వాల్వులకు, టర్బైన్ కవచాలకు వాడతారు. 13 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉన్న రకం నీటి ఒరిపిడిని ఓర్చుకోవడంతో జల టర్బైన్లకు అనువైనది. 25 శాతం క్రోమియం, 20 శాతం నికెల్ ఉన్నది ఎరువుల కర్మాగారాల కొలిమి గొట్టాలకు పనికివస్తుంది.

దెబ్బ తగిలేకొద్దీ గట్టిపడుతుంది
బ్రిటన్‌కు చెందిన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనుగొన్న మాంగనీసు ఉక్కుది మరో ప్రత్యేకత. ఇందులో మాంగనీసు 11 నుంచి 14 శాతం, కార్బన్ 1 శాతానికి పైగా ఉంటాయి. దెబ్బలు పడేకొద్దీ పైపొర గట్టిపడుతుంది, లోపలిభాగం మాత్రం పగలకుండా సాగే గుణంతో ఉంటుంది. క్రషర్ దవడలకు దీనిని ఎంచుకోవడానికి కారణమిదే. పోత పోయగానే ఇది పెళుసుగా ఉంటుంది. సుమారు 1000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి వెంటనే నీటిలో ముంచితేనే పటుత్వం వస్తుంది. ఈ దశలో లోపం జరిగితే ప్లేటు అర్ధాంతరంగా పగిలి, పని ఆగిపోవడమే కాక పక్కనున్న కూలీలకూ ప్రమాదం కలగవచ్చు.

కొనేవారు గమనించాల్సినవి
* సరిగా తయారైన మాంగనీసు ఉక్కు లోపలి లోహానికి అయస్కాంతం అంటదు. పైపొరకు స్వల్పంగా అంటుకోవచ్చు. గట్టిగా అంటుకుంటే అనుమానించాలి.
* అయస్కాంత పరీక్ష ఒక్కటే చాలదు. రసాయన విశ్లేషణ, ఉష్ణచికిత్స వివరాలున్న ధ్రువపత్రం అడిగి తీసుకోవాలి.
* అరిగిన ప్లేటుకు వెల్డింగ్ చేసేటప్పుడు ఎక్కువసేపు వేడి తగలనీయరాదు. సుమారు 300 డిగ్రీలు దాటి వేడి నిలిస్తే మళ్లీ పెళుసుబారుతుంది. కొద్దికొద్దిగా అతుకు వేస్తూ చల్లారనివ్వాలి.
* మాంగనీసు పొగను దీర్ఘకాలం పీలిస్తే నరాల వ్యవస్థ దెబ్బతింటుంది. వెల్డర్లు ముఖకవచం ధరించి గాలి ఆడేచోట పనిచేయాలి.

ధర తక్కువని ధ్రువపత్రం లేని ప్లేటు కొంటే, మిగిలిన సొమ్ము మొదటి పగులుతోనే పోతుంది.