స్వాహిలీ తీరవాసుల వంశమూలములు: ప్రాచీన, ఆధునిక జన్యుసాక్ష్యములు

దేశాంతరమున స్థిరపడిన ప్రతి సమాజమును ఎప్పుడో యొకప్పుడు రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనవలసి యుండును. మా పూర్వులు ఎచటినుండి వచ్చిరి అనునది మొదటిది. ఈ నేలతో మాకు గల సంబంధ మెట్టిది అనునది రెండవది. ఈ సంపుటమును చదువు తెలుగువారికి ఈ ప్రశ్నలు క్రొత్తవి కావు. వంశావళులు, ఇంటిపేర్లు, వృద్ధుల కథనములు, శాసనములు ఆధారముగా గొని మనమును వీనికి జవాబు వెదకుచునే యున్నాము. ఇట్టి ఆధారము లెంతవరకు నమ్మదగినవి, అవి చెప్పక విడిచినది యేమి అని విచారించువారికి హిందూమహాసముద్రమున కావలి యొడ్డున, తూర్పు ఆఫ్రికాలో, ఒక చక్కని నిదర్శనము కలదు. అచటి స్వాహిలీ పట్టణవాసులు వందలయేండ్లుగా చెప్పుకొనుచున్న వంశకథను ఇటీవల శాస్త్రజ్ఞులు వారి పూర్వుల ఎముకలలోని జన్యుపదార్థముతో సరిచూచిరి. ఆ పరిశీలన ఫలితమును వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

సోమాలియా దక్షిణభాగము మొదలుకొని కెన్యా, టాంజానియాల మీదుగా మొజాంబిక్ వరకు గల సముద్రతీరమునకును, దాని నానుకొనియున్న దీవులకును స్వాహిలీ తీరమని పేరు. అరబ్బీ భాషలో 'సాహిల్' అనగా తీరము. దాని బహువచనమైన 'సవాహిల్' నుండి ఈ పేరు వచ్చినది. లాము, మండా, మొంబాసా, మ్త్వాపా, కిల్వా మున్నగునవి ఇచటి పురాతన పట్టణములు. ఈశాన్యపు గాలులు వీచునపుడు అరేబియా, పారసీక, గుజరాతు రేవులనుండి ఓడలు ఇటకు వచ్చుచుండెను. నైరృతి ఋతుపవనములు మొదలైన పిమ్మట తిరిగి పోవుచుండెను. దంతము, బంగారము, బానిసలు ఇటనుండి ఎగుమతి యగుచుండగా, బట్టలు, పూసలు, పింగాణి పాత్రలు దిగుమతి యగుచుండెను. మన మసూలా తీరమును 'మసాలియా' యని పేర్కొన్న పెరిప్లస్ గ్రంథము క్రీ.శ. 1వ శతాబ్దికి చెందినది. అరబ్బు నావికులు తూర్పు ఆఫ్రికా తీరవాసులతో వియ్యమంది వారి భాష నెరిగియుండిరని ఆ గ్రంథకర్తయే వ్రాసియున్నాడు. 1331లో కిల్వాను దర్శించిన ఇబన్ బతూతా ఆ నగరమును మిక్కిలి ప్రశంసించెను. పగడపు రాతితో కట్టిన అచటి మసీదును, రాజసౌధమును శిథిలావస్థలో నేటికిని చూడవచ్చును.

ఈ పట్టణములను కట్టినవా రెవరు? ఈ ప్రశ్నకు స్వాహిలీ జనులే చెప్పుకొనిన సమాధానము కిల్వా చరిత్రమున కలదు. ఈ కథ 16వ శతాబ్దిలో రెండు విధములుగా గ్రంథస్థమైనది. ఒకటి అరబ్బీ పాఠము. రెండవది 1552లో జొవావ్ ద బారోస్ అను పోర్చుగీసు చరిత్రకారుడు తన గ్రంథమున చేర్చిన పాఠము. పారసీక దేశమందలి షీరాజు రాజవంశమునకు చెందిన పురుషులు ఓడలపై వచ్చి తీరమున వేర్వేరు తావుల దిగిరనియు, వారిలో అలీ యనువాడు కిల్వా దీవిని అచటి స్థానిక ప్రభువునుండి బట్టలిచ్చి కొనెననియు ఈ కథ చెప్పుచున్నది. తీరమందలి పెక్కు కుటుంబములు నేటికిని తమ్ము 'షీరాజీ'లమని చెప్పుకొనుచున్నవి.

ఈ కథను పండితులు అందరును ఒక్క విధముగా గైకొనలేదు. వలసపాలన కాలపు ఐరోపా రచయితలకు ఇది మిక్కిలి అనుకూలముగా నుండెను. రాతి మేడలు, మసీదులు, నాణెములు ఆఫ్రికనుల పనికాదని వారి నిశ్చయము. కావున విదేశీయులే వచ్చి కట్టిరని వారు తేల్చిరి. 1960 దశకమున కిల్వాలో త్రవ్వకములు జరిపిన నెవిల్ చిట్టిక్ కూడ పరదేశపు వలసదారులకే ప్రాధాన్యమిచ్చెను. తరువాతి తరమువారి అభిప్రాయము మారినది. 1980 దశకమున లాము దీవులలోని షాంగాయందు మార్క్ హార్టన్ జరిపిన త్రవ్వకములలో రాతి మసీదు క్రింద అంతకు పూర్వపు కొయ్య మసీదుల ఆనవాళ్లు బయల్పడెను. ఆ పట్టణము స్థానికమైన పల్లెనుండి క్రమముగా పెరిగినట్లు కనబడెను. భాషాసాక్ష్యమును ఇట్లే యుండెను. స్వాహిలీలో అరబ్బీ మాటలు విస్తారముగా నున్నను, దాని వ్యాకరణమును మూలపదజాలమును బాంటూ కుటుంబమునకు చెందినవి. అందువలన షీరాజు కథ కేవలము గొప్పకొరకు కల్పించుకొన్న దని పలువురు భావించిరి.

ఇది పండితులలోనే ముగిసిన వాదము కాదు. జాంజిబారులో 1957లో ఏర్పడిన ఒక రాజకీయపక్షము 'ఆఫ్రో షీరాజీ' అను పేరు ధరించెను. 1964 జనవరిలో అచట విప్లవము చెలరేగినపుడు వేలకొలది అరబ్బులు ప్రాణములు కోల్పోయిరి. ఎందరో దేశము విడిచిపోయిరి. భారతీయ కుటుంబములకును ఆ కష్టము తప్పలేదు. ఎవరి పూర్వులు ఎచటివా రను ప్రశ్న అచట మనుష్యుల బ్రతుకును చావును నిర్ణయించిన ప్రశ్న.

ఇక జన్యుపరీక్ష యెట్లు జరుగునో కొంత తెలిసికొనవలసి యున్నది. మానవుని ప్రతి కణమునందును తల్లిదండ్రుల నుండి సంక్రమించిన డి.ఎన్.ఏ. ఉండును. దానిలో మైటోకాండ్రియాకు చెందిన భాగము తల్లినుండి మాత్రమే బిడ్డకు వచ్చును. వై క్రోమోజోము తండ్రినుండి కొడుకునకు మాత్రమే వచ్చును. కావున మొదటిదానివలన తల్లి, తల్లితల్లి వరుసయు, రెండవదానివలన తండ్రి, తాత వరుసయు తెలియును. మిగిలిన క్రోమోజోములలో ఉభయ వంశముల పాళ్లును కలిసియుండును. రెండు జాతులవారు కలిసిన తొలి తరములలో ఒక్కొక్క జాతినుండి వచ్చిన డి.ఎన్.ఏ. ఖండములు పొడవుగా నుండును. తరతరమునకు అవి తెగి చిన్నవగును. ఆ ఖండముల పొడవునుబట్టి సమ్మేళనము ఎన్ని తరముల క్రిందట జరిగినదో గణింపవచ్చును.

ఉష్ణదేశములలో ఎముకలందలి డి.ఎన్.ఏ. త్వరగా నశించును. లోపలి చెవిని చుట్టియున్న మిక్కిలి గట్టియెముకలో అది కొంత నిలిచియుండునని కనుగొనిన పిదపనే ఆఫ్రికాలో ఈ పరిశోధన సాధ్యమైనది. ఇథియోపియాలోని మోటా గుహయందు దొరకిన సుమారు 4,500 సంవత్సరముల నాటి పురుషుని సంపూర్ణ జన్యురాశిని 2015లో ప్రకటించిరి. ఐరోపా, ఆసియాలనుండి తిరిగి వచ్చిన రక్తము ఆఫ్రికా ఖండమంతట వ్యాపించినదని ఆ వ్యాసకర్తలు మొదట వ్రాసిరి. కాని గణనలో దోషము దొరలినట్లు తెలిసి, 2016లో వారే ఆ సిద్ధాంతమును సవరించుకొనిరి. ఎముక పలుకు మాటకును వ్యాఖ్యాత కావలెననియు, ఆ వ్యాఖ్యాతను మరల మరల పరీక్షింపవలెననియు దీనివలన గ్రహింపవచ్చును. 2019లో కెన్యా, టాంజానియా ప్రాంతపు 41 మంది ప్రాచీనుల డి.ఎన్.ఏ. ప్రకటింపబడెను. స్థానికులైన వేటగాండ్రు, ఉత్తరమునుండి పశువులతో వచ్చిన కాపరులు, ఆ పిదప వచ్చిన కర్షకులు ఒకరిపై నొకరు పొరలుగా చేరి, అచటి జనసముదాయము ఏర్పడినట్లు దానివలన తేలినది. తూర్పు ఆఫ్రికాలో 'స్థానికుడు' అను మాటయే ఒక సమ్మేళనమని దీని భావము.

స్వాహిలీ పట్టణముల విషయమున నిర్ణాయకమైన వ్యాసము 2023 మార్చిలో 'నేచర్' పత్రికయందు వెలువడినది. ఎస్తర్ బ్రీల్, డేవిడ్ రైక్ మొదలగువారితో కలిసి ఈ పని నడపిన వారిలో ముఖ్యుడు కెన్యాలో జన్మించిన పురావస్తుశాస్త్రజ్ఞుడు చపురుఖా కుసింబా. ఈయన మ్త్వాపాలో అనేక సంవత్సరములు పనిచేసి, స్థానికుల అంగీకారము పొందినపిమ్మటనే సమాధులను తెరచెను. మ్త్వాపా, మండా, కిల్వా, సోంగో మ్నారా వంటి 6 తీరపట్టణములనుండియు, లోనాడునందలి ఒక ఊరినుండియు మొత్తము 80 మంది జన్యువులను పరీక్షించిరి. తీరపట్టణముల ఎముకలు క్రీ.శ. 1250 మొదలు 1800 వరకు గల కాలమునకు చెందినవి.

ఫలితము లిట్లున్నవి. తీరవాసులలో పలువురి డి.ఎన్.ఏ.లో సగమునకు పైగా ఆఫ్రికా పూర్వులది. మిగిలిన పెద్దభాగము, కొందరియందు సగముకంటె ఎక్కువ, ఆసియా పూర్వులది. ఈ ఆసియా భాగమున పారసీక అంశయు, భారతీయ అంశయు కూడ కలవు. అయితే దానిలో నూటికి 80 మొదలు 90 పాళ్లు పారసీక పురుషులనుండి వచ్చినది. ఆఫ్రికా భాగము ప్రధానముగా స్త్రీలనుండి వచ్చినది. ఈ సమ్మేళనము సుమారు క్రీ.శ. 1000 నాటికి ఆరంభమైనది. తీరమున ఇస్లాము మతము విస్తారముగా వ్యాపించిన కాలమును అదియే. క్రీ.శ. 1500 వరకు పశ్చిమాసియా అంశ ముఖ్యముగా పారసీకమే. ఆ పిమ్మట అరేబియా అంశ క్రమముగా పెరిగినది.

కావున కిల్వా చరిత్రము కట్టుకథ కాదు. పారసీక దేశపు పురుషులు వచ్చిరి, సంసారములు చేసిరి, వారి సంతతి ఆ పట్టణములలో ప్రముఖులైరి. కాని ఈ ఫలితము వలసపాలకుల సిద్ధాంతమును బలపరచునది కాదు. ఆ ప్రముఖుల తల్లులు ఆఫ్రికా స్త్రీలు. చరిత్రము పురుషుల పేర్లను, ఓడలను, బేరములను వర్ణించినది. ఆ బిడ్డలను కనిపెంచిన తల్లుల వంశమును గూర్చి ఇంత స్పష్టముగా చెప్పలేదు. ఎముకలు ఆ లోపమును పూరించినవి.

భాష యెందుకు బాంటూగా నిలిచినదను ప్రశ్నకు కూడ ఇందు సమాధానము దొరకుచున్నది. వచ్చిన పురుషులు తమ మతమును, కొంత పదజాలమును, వంశనామమును ఇచ్చిరి. బిడ్డ తొలిపలుకు నేర్చినది తల్లియొద్దను, ఆమె పుట్టింటివారియొద్దను. లాము మొదలగు పట్టణములలో వివాహసమయమున కూతునకు ఇల్లొసగుటయు, అల్లుడు ఆ యింటికి వచ్చి కాపురముండుటయు చిరకాలాచారము. ఇట్టి ఇండ్లలో పెరిగినవారు తల్లిభాషనే ఇంటిభాషగా, వీధిభాషగా నిలుపుట సహజము. అయితే ఆ వివాహములలో స్త్రీల ఇష్టమెంత, బలవంతమెంత అను విషయమును డి.ఎన్.ఏ. చెప్పజాలదు. దానికి వేరు సాక్ష్యములు కావలెను.

ఈ పరిశోధనకు మరియొక హద్దును కలదు. పరీక్షింపబడిన వారిలో పెక్కురు మసీదుల సమీపమున సమాధి చేయబడిన సంపన్నులు. పట్టణములోని జాలరులు, పనివారు, బానిసల వంశచరిత్ర ఈ ఎముకలలో లేదు. నేటి తీరవాసుల జన్యురాశియు మధ్యయుగపు వారి దానితో అంతట సరిపోలుట లేదు. తరువాతి కాలమున ఆఫ్రికానుండియు ఆసియానుండియు వచ్చినవారితో మరల సమ్మేళనము జరిగినది. స్వాహిలీ యగుటకు షీరాజు రక్తము గాని, దాని పరిమాణము గాని కొలబద్ద కాదని దీనివలన స్పష్టము.

ఇదే సముద్రము ఎదురుదిక్కునకును మనుష్యులను తెచ్చినది. కర్ణాటకమున ఉత్తర కన్నడ మండలపు అడవులలోను, గుజరాతులోను, హైదరాబాదులోను నివసించు సిద్దీలు ఆఫ్రికా సంతతివారు. నిజాము కొలువులోని ఆఫ్రికా ఆశ్వికదళము పేరు హైదరాబాదులో 'ఏ.సీ. గార్డ్స్' అను పేటకు నిలిచియున్నది. పాత గ్రంథములలో వీరిని 'హబ్షీ'లనగా అబిసీనియా వారని వ్యవహరించిరి. అహమ్మదునగరు రాజ్యమును నిలిపి 1626లో మరణించిన మాలిక్ అంబరు నిజముగనే ఇథియోపియాలో జన్మించినవాడు. కాని ఆ పేరు అందరికిని సరిపడదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థకు చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్ మొదలగువారు 2011లో ప్రకటించిన వ్యాసము ప్రకారము, వారు పరీక్షించిన సిద్దీల మూలము సహారాకు దక్షిణముననున్న బాంటూభాషీయులయందు కలదు. భారతీయులతో వారి సమ్మేళనము సుమారు 8 తరముల క్రిందట, అనగా రమారమి 200 సంవత్సరములకు పూర్వము, జరిగినట్లు గణించిరి. నేడు కర్ణాటక సిద్దీల యిండ్లలో వినబడునవి కొంకణి, కన్నడము, మరాఠీ, ఉర్దూ భాషలు. స్వాహిలీ తీరమున వచ్చినవారి భాష పోయి తల్లుల భాష నిలిచినది. ఇచట చెరపట్టి తేబడినవారి భాష పోయి చుట్టుప్రక్కల వారి భాషలు నిలిచినవి. రక్తమును భాషయు ఒకే త్రోవను నడువవని రెండు నిదర్శనములును చాటుచున్నవి.

మన సమాజములకు దీనివలన కలుగు ప్రయోజన మేమి? మొదటిది, వృద్ధులు చెప్పు వలసకథలను లిఖితాధారము లేదని త్రోసివేయరాదు. అట్లని ఉన్నవి ఉన్నట్లు చరిత్రగా గైకొనను రాదు. కిల్వా కథలో సత్యముండెను, కాని అది సగము సత్యము. రెండవది, మన వంశావళులును, కైఫీయతులును పెక్కింట పురుషుల వరుసనే పేర్కొనుచున్నవి. మధురలోనో, కోలారులోనో, గంజాములోనో ఒక కుటుంబపు చరిత్రను వ్రాయుచున్నవారు ఇంటిపేరుతోపాటు ప్రతి తరమున వచ్చిన కోడండ్ర పుట్టిల్లు ఏ యూరు, వారి యింట మాటలాడిన భాష యేది అని కూడ అడిగి వ్రాయవలెను. ఈ సంగతులు జ్ఞాపకమున గల ముసలమ్మలు నేడు ఇంకను కొందరున్నారు. వారు చెప్పగలదానిని ఇప్పుడు వ్రాసికొనినచో, మన చరిత్రలోని ఈ భాగమునకై రాబోవు తరములవారు సమాధులను వెదకవలసిన పని యుండదు.

మూడవది, ఏ పరీక్షయు ఒక మనుష్యుడు తెలుగువా డగునో కాదో చెప్పజాలదు. డి.ఎన్.ఏ. పూర్వుల పయనములను చెప్పును. భాషను నిలుపు భారము ఇంటిలో దానిని పలుకువారిది. స్వాహిలీ తల్లులు వేయి సంవత్సరములు ఆ పని చేసిరి.